పట్టూ విడుపూ

కారుకి బ్రేకు పడకపోతే ప్రమాదమని పసిపిల్లాడికి కూడా తెలుసు. పడిన బ్రేకు వదలకపోతే అదీ ప్రమాదమేనన్న సంగతి మాత్రం కారు నడిపేవాళ్లలోనే చాలామందికి తెలియదు. పట్టుకోవడం మీద వున్న శ్రద్ధ వదలడం మీద మనకి ఎప్పుడుంది కనక! బంగారం గానీ, పొలం గానీ, కోడలి మీద పెత్తనం గానీ పట్టుకునే విద్య ఒక్కటే నేర్పారు మనకి. సరే, నేనిప్పుడు చెప్పబోయేది వాటి గురించి కాదు. అచ్చంగా కారు బ్రేకు గురించే. ఇనప బ్రేకు, మసీ నూనే అంటిన బ్రేకు.

"నవలలు రాసుకునేదానివి, నీకెందుకమ్మా పానాల గోల?" అని మీరు అడగబోతున్నారు. మా అన్నయ్య కూడా అదే అడిగాడు. నిజమే, నేను అనంతపురం ఆర్ట్స్ కాలేజీలో తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని. ప్రబంధ నాయిక విరహం గురించి అడిగితే గంటసేపు చెబుతాను. జాకీ ఎక్కడ పెట్టాలంటే మొన్నమొన్నటిదాకా నోరు వెళ్లబెట్టేదాన్ని. కానీ అవసరం చేయించని పని వుంటుందా?

మాది మారుతి 800. ఆ కారు మొట్టమొదటి తాళంచెవి 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఢిల్లీలో ఒకాయన అందుకున్నాడు. 2014 జనవరిలో దాని తయారీ ఆగిపోయింది. ఈ మధ్యనున్న ముప్ఫయ్యేళ్లలో మధ్యతరగతి ఇళ్లలో అది కారులా కాదు, పెద్దకూతురిలా తిరిగింది. మా నాన్న రిటైరైన డబ్బుతో 2003లో కొన్నారు. ఆదివారం ఆదివారం కడిగి, తుడిచి, మాకు సబ్బు ఎక్కువ రుద్దితే తిట్టే మనిషి, దానికి మాత్రం షాంపూ పెట్టేవారు. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషను తిరగరాయించారు కూడా. ఆయన పోయాక రెండేళ్లు అది షెడ్డులో కదలకుండా పడివుంది. పిల్లి దాని కింద రెండు ఈతలు ఈనింది.

అన్నయ్య బెంగళూరు నుంచి వచ్చినప్పుడల్లా "అమ్మేద్దాం" అంటాడు. అమ్మ వినదు. ఆవిడ వాదన నాన్న జ్ఞాపకం అనీ, సెంటిమెంటనీ కాదు సుమండీ. "నేను ధర్మవరం పోవల్లంటే ఎవర్ని అడగల్ల?" అంటుంది. ధర్మవరంలో మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, ఆరు నెలలుగా మంచాన వుంది. మనిషిని గుర్తుపడుతుంది, మాట రాదు. అమ్మకి బస్సు మెట్లు ఎక్కడానికి మోకాళ్లు సహకరించవు. ఆటోలో నలభై కిలోమీటర్లు కుదుపులంటే నడుము పోతుంది. వారం వారం వెళ్లి చెల్లెలి పక్కన కూర్చుని తల దువ్వి రావాలని ఆవిడ పట్టు.

మొదటిసారి నేనే బండి తీశాను. ఊరు దాటాక స్టీరింగు ఎడమకి ఎడమకి లాగడం మొదలెట్టింది. యాక్సిలరేటరు తొక్కినా, ఎద్దు మొరాయించినట్టు బండి సాగదు. కాసేపటికి కాలిన వాసన. పక్కకి ఆపి దిగి చూస్తే ఎడమ ముందు చక్రం దగ్గర సెగ కొడుతోంది. సీసాలోంచి రెండు చుక్కలు విదిలిస్తే దోసెపెనం మీద పడ్డట్టు చుయ్యిమన్నాయి! నేను ఆ పెడలు తొక్కి ఎంతసేపో అయింది. చక్రం మాత్రం ఇంకా బ్రేకు పట్టుకునే వుంది.

ఆ సాయంత్రమే ఫోనులో అన్నయ్య తేల్చేశాడు. "ఆ బండిలో అమ్మని ఎక్కించొద్దు. నెలాఖరుకి వస్తాను. బ్రేకులు సరిగ్గా వుంటే సరే, లేదంటే పాత ఇనుముకి వేసేద్దాం." అందులో తప్పు పట్టడానికేముంది? బ్రేకులతో చెలగాటం కూడదన్నది వాడూ, నేనూ, అమ్మా ఒప్పుకునే ఒకే ఒక్క విషయం.

ఒక షెడ్డువాడు "మొత్తం సెట్టు మార్చాల మేడమ్" అన్నాడు. ఇంకొకడు ఒక పూట వుంచుకుని, విప్పి, పెట్రోలుతో కడిగి బిగించి ఇచ్చాడు. నాలుగు రోజులు బాగుంది, అయిదో రోజు మునుపటికంటే గట్టిగా పట్టేసింది. పేరెందుకు లెండి. మా జిల్లాలోనే పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కొరియావాళ్ల కియా ఫ్యాక్టరీ వచ్చింది. (2022లో జిల్లాలు విడగొట్టాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది, అది వేరే సంగతి.) కొత్త కార్లు ఊరి పక్కనే పుడుతున్నాయి గానీ, పాతకారు బ్రేకుని ఓపిగ్గా విప్పి చూసే చేతులు తగ్గిపోయాయి.

అప్పుడు గుర్తొచ్చాడు మామ. మా వీధి చివర వుంటాడు. నలభై ఏళ్లు మెకానిక్కుగా చేసి మానేశాడు. వీధంతా ఆయన్ని మామ అనే పిలుస్తుంది. చేతులు వణుకుతాయి కనక పానా పట్టడు. "మామా, మా కారు బ్రేకు పట్టేసింది" అంటే లుంగీ సర్దుకుంటూ వచ్చి, చక్రం వైపు చూసి, "చేతులు నీవి, కండ్లు నావి. సరేనా పాపా?" అన్నాడు. నలభై నాలుగేళ్ల ఆడదాన్ని పాపా అని పిలిచే మనుషులు ఇంకా మా ఊళ్లో వున్నారు!

ఆదివారం పొద్దున్నే మొదలెట్టాం. వెనక చక్రాల కింద రాళ్లు అడ్డం పెట్టాక చక్రం నట్లు నేల మీదే కొంచెం వదులు చేయించాడు. తర్వాత జాకీ. "జాకీని నమ్మి కిందికి దూరినోడు అల్లాకు దగ్గరైనట్లే" అంటూ, స్టాండు కూడా పెట్టిస్తేగానీ ముట్టుకోనివ్వలేదు. విప్పిన చక్రాన్నీ బండి కిందికే తోయించాడు, ఏదైనా జారితే దాని మీద ఆగుతుందని. దుమ్ముని నోటితో ఊదబోతే గట్టిగా కేకేశాడు. పాత ప్యాడ్లలో ఆస్‌బెస్టాస్ వుండేది, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. తడిగుడ్డతో తుడిచాను.

మామ మొదట పెట్టిన పరీక్ష నాకు భలే నచ్చింది. బ్రేకు ఒకసారి తొక్కి వదిలితే చక్రం బిగుసుకుంది. క్యాలిపర్ వెనక గాలి తీసే నిపుల్ ఒకటుంటుంది. దాన్ని కొంచెం వదులు చేయించాడు. "ఇప్పుడు తిరిగితే తప్పు రబ్బరు పైపుది, లోపల వాచి ఆయిలును వెనక్కి రానియ్యలేదని అర్థం. తిరగకపోతే తప్పు పిస్టనుది." రెండు చుక్కల ఆయిలు కారింది. చక్రం కదల్లేదు. రోగి నాడి దొరికింది!

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి. ఈ క్యాలిపర్ అనేదాన్ని గురించి చెప్పకపోతే నా మనసు ఆగదు. చక్రంతోపాటు ఒక ఇనప పళ్లెం తిరుగుతూ వుంటుంది. దాన్ని రెండు పక్కల నుంచీ రెండు ప్యాడ్లు పట్టకారులా నొక్కుతాయి. నొక్కేది పిస్టను, చిన్న స్టీలు గ్లాసు బోర్లించినట్టుంటుంది. మనం పెడలు తొక్కితే ఆయిలు వెనక నుంచి దాన్ని తోస్తుంది. బాగానే వుంది. మరి వదిలితే దాన్ని వెనక్కి లాగేది ఎవరు? అంబాసిడర్ల డ్రమ్ము బ్రేకుల్లో స్ప్రింగులు లాగుతాయి. మా బండి వెనక చక్రాల్లోనూ అంతే. ఈ ముందు చక్రాల్లో స్ప్రింగు లేదు. ఆ పని చేసేది కుక్కరు గాస్కెట్టుకి చిట్టి చెల్లెలిలాంటి ఒక రబ్బరు వలయం! ఆయిలు కారకుండా కాపలా కాయడానికే వుందనుకుంటాం గానీ అది రెండు ఉద్యోగాలు చేస్తోంది. దాని అంచు గుండ్రం కాదు, పలకలుగా వుంటుంది. పిస్టనుని చుట్టి గట్టిగా పట్టుకుంటుంది. పిస్టను ముందుకు కదిలితే తానూ కొంచెం వంగుతుంది. ఒత్తిడి పోగానే మళ్లీ నిటారుగా లేస్తూ పిస్టనుని వెనక్కి తెచ్చుకుంటుంది. ఎంత దూరమనుకుంటున్నారు? ఒక మిల్లీమీటరు కూడా కాదు, అందులో చిన్న ముక్క. ఆ వెంట్రుకవాసి సందు చాలు చక్రం స్వేచ్ఛగా తిరగడానికి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టను ఆ వలయంలోంచి కొంచెం కొంచెం ముందుకు జారి కొత్తచోట కుదురుకుంటుంది. ఎవరూ మరలు తిప్పి సరిచెయ్యనక్కరలేదు. ఇది విన్నాక నేను కాసేపు పానా పక్కన పెట్టి కూర్చుండిపోయాను. ఇంత పెద్ద బండిని వదిలిపెట్టే భారమంతా వేలి ఉంగరమంత మందం లేని రబ్బరు ముక్క మీద వుందా అని!

ఆ ముక్క గట్టిపడినా, వాచినా, దాని గాడిలో తుప్పు చేరినా అంతే, బ్రేకు పడుతుంది, వదలదు. మరి తుప్పెక్కడిది? అక్కడ వుంది తమాషా. అనంతపురం దేశంలో అతి తక్కువ వానపడే జిల్లాల్లో ఒకటి, సాలుకి సగటున 550 మిల్లీమీటర్లు మించదు. వేరుశనగ వేసిన రైతు ఆకాశంకేసి చూసి చూసి మెడలు పట్టుకుంటాయి. ఆ వూళ్లో బ్రేకు ఆయిలు మాత్రం గాలిలోని తేమని తనంతట తనే తాగేస్తుంది! దాని స్వభావమే అంత. కొత్తగా వున్నప్పుడు డాట్ 3 రకం ఆయిలు 205 డిగ్రీల దాకా మరగకూడదని లెక్క. తేమ తాగాక 140 డిగ్రీలకే మరగడం మొదలెట్టవచ్చు. మరిగితే ఆవిరి, ఆవిరిని నొక్కితే నొక్కుకుపోతుంది, పెడలు నేలకంటుతుంది. మరక్కపోయినా ఆ తేమ లోపల ఇనుముని కొరుకుతూ వుంటుంది. రెండేళ్లకోసారి ఆయిలు మార్చమనేది అందుకే. షెడ్డులో కదలకుండా పడివున్న బండిలో ఈ కొరుకుడు మరీ నిశ్శబ్దంగా సాగుతుంది. బయట మా ఎర్రమట్టి, ఆషాఢం గాలుల దుమ్ము, క్యాలిపర్ జరిగే పిన్నుల మీద తొడిగిన రబ్బరు చిట్లిందంటే అక్కడ చేరి ముద్దకట్టేస్తుంది.

పిస్టనుని బయటికి తియ్యడానికి మనిషి కావాల్సి వచ్చింది. క్యాలిపర్‌ని ఊడదీసి, పైపు మీద బరువు పడకుండా కొబ్బరితాడుతో కట్టి, దాని నోట్లో చెక్కముక్క పెట్టాను. లోపల పెడలు తొక్కేదెవరు? మామ వైపు చూస్తే మామ అమ్మ వైపు చూశాడు.

డెబ్భై నాలుగేళ్ల మా అమ్మ డ్రైవరు సీట్లో కూర్చుంది. జీవితంలో మొదటిసారి! ఆవిడ పుట్టింటివాళ్లు నేతగాళ్లు. పెళ్లి అయ్యేదాకా ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి తొక్కిన మనిషి. "మెల్లగా తొక్కమ్మా" అంటే ఎంత మెల్లగానో చెప్పనక్కర్లేకపోయింది. పట్టుపోగు తెగకుండా తొక్కిన పాదం అది. పిస్టను వేలెడంత వేలెడంత వచ్చి చెక్కని తాకి ఆగింది. ఎవరూ వేళ్లు అక్కడ పెట్టకండి, నలిగిపోతాయి. అప్పుడు పైపు విప్పి, కారిన ఆయిలు గిన్నెలో పట్టాను. రంగు మీద పడితే రంగు లేచిపోతుందని మామ చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాడు.

పాత రబ్బరుని ఇనప మొనతో తీస్తే గాడి గీసుకుపోతుంది. వెదురుపుల్ల చెక్కి దానితో తీశాను. పెట్రోలు తాగిన రబ్బరు ఉబ్బి, మెత్తగా, నానిన అప్పడంలా వుంది. దాన్ని చూపిస్తే మామ నాలుక చప్పరించాడు. ఈ రబ్బరుకి పెట్రోలు, కిరసనాయిలు, మామూలు ఇంజను ఆయిలు, మామూలు గ్రీజు అన్నీ విషమే. స్పిరిటుతో గానీ, కొత్త బ్రేకు ఆయిలుతో గానీ కడగాలి. గాడిలో తుప్పు పొలుసులు కట్టివుంది. పిస్టను మీద మరకలున్నాయి గానీ గుంటలు పడలేదు. రబ్బరు ఆనే చోట గుంటలుంటే పిస్టను మార్చక తప్పదట. మరకల్ని తడిపిన సన్నటి ఎమెరీ కాగితంతో తుడిచాను. గోరుతో నిమిరి చూడమన్నాడు, గోరుకి ఏదీ తగలకూడదు. కొత్త రబ్బరు కిట్టు ఖరీదు మా ఇద్దరి హోటలు భోజనమంత కూడా లేదు. దాన్ని కొత్త ఆయిలులో ముంచి గాడిలో కూర్చోబెట్టి, పిస్టనుని రెండు బొటనవేళ్లతో నొక్కాను. నిట్టనిలువుగా, మెత్తగా దిగిపోయింది. బిగుసుకుంటే బలవంతం చెయ్యకూడదు, బయటికి తీసి మళ్లీ పెట్టాలి.

పిన్నులకి రాసే ఎర్ర గ్రీజు సీసా చూసి అమ్మ మూత తీసి వాసన చూసింది. "ఇందులో ఆముదం వుంటాదా?" అంది. మామ నవ్వాడు. ఆవిడ అడిగినదాంట్లో చాలా చరిత్రే వుంది. మొదట్లో బ్రేకు ఆయిలంటే ఆముదంలో ఆల్కహాలు కలిపినదే! ఆముదం రబ్బరుని ఉబ్బించదు కనక. క్యాస్ట్రాల్ కంపెనీ పేరు కూడా ఆముదానికి ఇంగ్లీషులో వున్న పేరు నుంచి పుట్టిందే. మా వేరుశనగ చేలలో అక్కడక్కడా నిలబడి వుండే ఆముదం చెట్టుకి ఇంత వైభోగం వుందని ఎవరికి తెలుసు! అలాగని ఇంట్లో ఆముదం సీసా తీసి బండిలో పోయకండి. ఈనాటి ఆయిళ్లు వేరు.

అన్నట్టు, "ఆడవాళ్లకి బ్రేకులేమిటి" అనేవాళ్లకోసం ఒక మాట. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు, కారు కనిపెట్టిన మొగుడికి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టింటికి, ఫోర్జ్‌హైమ్‌కి, ఆ కారులో బయల్దేరింది. దారిలో పెట్రోలు గొట్టం అడ్డుపడితే టోపీ సూదితో పొడిచింది. దిగుడు దారుల్లో బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి తోలు కొట్టించింది. బ్రేకుకి తొడుగు వెయ్యడం అలా మొదలైందంటారు. పుట్టింటికి పోవాలన్న ఆడదాని పట్టుదల ముందు బ్రేకులేమిటి, ఏవైనా ఆగుతాయా?

కుడి పక్కది సగం టైములో అయిపోయింది. రెండూ ఒకేలా పట్టకపోతే బండి ఒక పక్కకి లాగుతుంది కనక రెండూ చెయ్యాల్సిందే. ఆ తర్వాత గాలి తియ్యడం. నిపుల్‌కి సన్నటి గొట్టం తగిలించి, రెండో కొస ఆయిలున్న సీసాలో ముంచాను. మామ బానెట్ దగ్గర, డబ్బాలో ఆయిలు అడుగంటకుండా పోస్తూ. అమ్మ సీట్లో. నేను నేల మీద.

"తొక్కమ్మా... పట్టుకో!"

నిపుల్ తిప్పుతాను, బుడగలు బుడబుడమంటూ వస్తాయి, పెడలు దిగుతుంది, నిపుల్ బిగిస్తాను.

"వదులు!"

బిగించకముందే కాలు తీస్తే వచ్చిన గాలి మళ్లీ లోపలికి పోతుంది. అమ్మ ఒక్కసారి కూడా ముందుగా వదల్లేదు. ఇరవై, పాతిక సార్లయ్యాక కాబోలు బుడగలు ఆగిపోయాయి. "ఇప్పుడు గట్టిగా తగుల్తాంది" అంది లోపల్నుంచి. పెడలు సంగతి నాకంటే ఆవిడ కాలికే ముందు తెలిసింది.

చక్రాలు బిగించి, బండి దించి, కదిలించేముందు పెడలు నాలుగైదు సార్లు తొక్కించాడు మామ. వెనక్కి నొక్కిన పిస్టన్లు మళ్లీ ప్యాడ్లకి ఆనేదాకా మొదటి తొక్కు నేలకంటుతుంది. ఇది మరిచి బండి కదిలించినవాళ్లు గోడని గుద్దుకుంటారట. వీధిలో మనిషి నడక వేగంతో వెళ్లి బ్రేకు వేశాను. ఆగింది. వదిలాను. వదిలింది! ఆ తర్వాత వారం రోజులు ఖాళీ రోడ్డు చూసి ఒక్కదాన్నే తిప్పాను. ఎక్కడా ఆయిలు చెమ్మ లేదు, వాసన లేదు, లాగడం లేదు. "నేనూ వస్తా" అని అమ్మ గేటు దగ్గర రోజూ నిలబడేది. ఎక్కించుకోలేదు. అన్నయ్య చూసి సరేననేదాకా ఆగమన్నాను. ముఖం ముడుచుకుంది గానీ ఆగింది.

నెలాఖరుకి అన్నయ్య వచ్చాడు. ఏమీ అనకుండా తాళంచెవి తీసుకున్నాడు. ఊరి బయట నాలుగు రకాలుగా ఆపి చూశాడు, మెల్లగా, గట్టిగా, స్టీరింగు మీద చేతులు వదులుగా పెట్టి. ఇంటికొచ్చి, "అమ్మని ఎక్కమను" అన్నాడు. అంతే. పొగడ్త అంటే మా ఇంట్లో అంతకంటే వుండదు.

ధర్మవరం దారిలో సగం దూరం పోయాక బండి ఆపించింది అమ్మ. ఎందుకంటే చెప్పలేదు. మోకాళ్లు పట్టుకుంటూ దిగి, ఎడమ ముందు చక్రం దగ్గరికి వెళ్లి, మాకు చిన్నప్పుడు జ్వరం చూసినట్టు చేతివెనక పక్కతో దగ్గరగా చూసింది. చుట్టూ తిరిగి కుడిదాని దగ్గరా అలాగే చూసింది. మళ్లీ వచ్చి కూర్చుని తలుపు వేసుకుంది.

"రెండూ ఒకే మాదిరి గోరువెచ్చగుండాయి" అంది. చిన్నమ్మకోసం తెచ్చిన దువ్వెన సంచిలో వుందో లేదో తడిమి చూసుకుని, "ఇంక పోనీ" అంది.